క్రెడిట్ కార్డు గీకితే 2 శాతం అదనంగా అడగొచ్చా?

షట్టర్‌తాళం:
బెంగళూరు, మారతహళ్ళిలో మొబైల్ షాపు. టర్నోవర్ 20 లక్షలు దాటింది, రెగ్యులర్ జీఎస్టీ. ఫోన్ల మీద మిగిలేదే 4 శాతం. క్రెడిట్ కార్డు గీకితే బ్యాంకు 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ పట్టుకుంటోంది. పక్క షాపుల్లో "కార్డయితే 2% ఎక్స్‌ట్రా" అని కాగితం అంటించేశారు. మనమూ అంటించొచ్చా?

పైసాలెక్క:
ఆ కాగితంలో "కార్డు" అన్న మాట దగ్గరే తప్పు మొదలైందండీ. డెబిట్ కార్డు ఎండీఆర్‌ని (కార్డు గీకినందుకు బ్యాంకు షాపు దగ్గర పట్టుకునే రుసుము) షాపులు కస్టమర్ నెత్తిన వేయకుండా చూడాలని 2017 డిసెంబరులోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకి చెప్పింది. మీ స్థాయి షాపుకి మెషిన్ మీద డెబిట్ ఎండీఆర్ 0.90 శాతం దాటకూడదు, ఎంత పెద్ద బిల్లయినా 1,000 రూపాయలే గరిష్ఠం. రూపే డెబిట్‌కీ మామూలు యూపీఐకీ 2020 జనవరి నుంచి సున్నా. క్రెడిట్ కార్డుకి ఇలాంటి పరిమితి లేదు, నొప్పంతా అక్కడే. కానీ మెషిన్ తీసుకున్నప్పుడు సంతకం పెట్టిన అగ్రిమెంటు బయటికి తీయండి. సర్‌చార్జీ వేయకూడదనే షరతు సాధారణంగా ఉంటుంది. బిల్లు ఫొటోతో ఎవరైనా ఫిర్యాదు చేస్తే మెషిన్‌కే ఎసరు.

బిల్లుబుక్కు:
పైగా 2 శాతం అడిగినా గుంట పూడదు. 20,000 ఫోనుకి 20,400 గీకారనుకోండి. ఎండీఆర్ మొత్తం మీద పడుతుంది, అంటే 408. దాని జీఎస్టీ 73.44 ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా) వెనక్కొస్తుంది, సరే. కానీ మీరు తీసుకున్న 400 కూడా అమ్మకం విలువలో భాగమే. అందులోంచి 61 రూపాయలు జీఎస్టీ కట్టాలి. చేతికొచ్చింది 339, పోయింది 408. కాంపొజిషన్ (టర్నోవర్ మీద చిన్న శాతం పన్ను కట్టే, ఇన్‌పుట్ క్రెడిట్ రాని స్కీము) వాళ్లకైతే ఆ 73 కూడా గోవిందా. బిల్లులో చూపకుండా విడిగా గీకారో, బ్యాంకు జమ చేసే సెటిల్‌మెంటుకీ ఇన్‌వాయిస్‌లకీ పొంతన కుదరక ఆడిటర్ దగ్గర నీళ్లు నమలాలి.

కౌంటరవతల:
ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లు ఎంఆర్‌పీకే అమ్మి పైన 2 శాతం వేస్తే అది ఎంఆర్‌పీ దాటి అమ్మడమే. తూనికలు కొలతల వాళ్లకి దొరికిపోతారు.

షట్టర్‌తాళం:
మరి దారేంటి?

పైసాలెక్క:
ఎంఆర్‌పీ దాటకుండా ధరే 20,400 పెట్టండి. యూపీఐకి 400 తగ్గించి, ఆ తగ్గింపు బిల్లులోనే చూపండి. దానికి జీఎస్టీ పడదు. బోర్డు మీద "బ్యాంకు ఖాతా నుంచి యూపీఐ" అని స్పష్టంగా రాయండి. రూపే క్రెడిట్ కార్డుతో క్యూఆర్ స్కాన్ చేస్తే మీకు మళ్లీ ఎండీఆర్ పడుతుంది. అన్నట్టు, మూడు నెలల స్టేట్‌మెంట్ తీసి డెబిట్, క్రెడిట్ విడిగా చూడండి. అన్నిటికీ కలిపి 2 కోస్తుంటే ముందు బ్యాంకుతో తేల్చుకోండి.