అప్‌డేట్: అమ్మకు నడక ఒక్కటే సరిపోతుందా?

డెబ్బై దాటిన అమ్మకు మోకాళ్ల నొప్పులున్నా కండరాల వ్యాయామం చేయించవచ్చా అని అడిగాను కదా. డాక్టర్‌కి చూపించి, ఫిజియోథెరపిస్ట్ దగ్గర మొదలుపెట్టాం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం, కాలికి చిన్న ఇసుక సంచి కట్టుకుని, కుర్చీలో కూర్చుని కాలు చాపడం. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లెక్కుతోంది, నాకెంత సంతోషంగా ఉందో!

65 దాటినవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి వ్యాయామంతోపాటు రెండు రోజులు కండరాలకు, మూడు రోజులు బ్యాలెన్స్‌కు సాధన ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ 2020లోనే చెప్పింది. మనవాళ్లు చాలామంది నడకతోనే ఆపేస్తారు. పడిపోకుండా కాపాడేది ఆ మిగతా రెండే అని మా ఫిజియో పదేపదే చెబుతారు.

నాన్నకూ మొదలుపెట్టిస్తాం. బీపీ ఉంది కాబట్టి ముందు డాక్టర్‌ని అడగాలి.