పెళ్లి తర్వాత మైకు పక్కన పెట్టిన పాటీ స్మిత్: కెరీర్ చెడగొట్టుకుందా?

బురుజు_కింద (కర్నూలు)
సూటిగా అడుగుతున్నా. పాటీ స్మిత్ అమెరికన్ రాక్ గాయని, తన పాటలు తానే రాసుకునే మనిషి. 1975లో ‘హార్సెస్’ ఆల్బమ్‌తో న్యూయార్క్ పంక్‌కు (వేగంగా, మొరటుగా సాగే రాక్) దారి వేసింది. 1978లో ‘బికాజ్ ద నైట్’ అమెరికా హిట్ పాటల చార్టుల్లో 13వ స్థానం దాకా పోయింది. 1979 సెప్టెంబర్‌లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో స్టేడియం నిండా జనం ముందు పాడింది. అక్కడితో ఆపేసింది. 1980లో ఎమ్‌సీ5 అనే రాక్ బ్యాండు గిటారిస్టు ఫ్రెడ్ స్మిత్‌ను పెళ్లి చేసుకుని డెట్రాయిట్ పక్కన ఒక ఊళ్లో కాపురం పెట్టింది. ఇద్దరు పిల్లలు. 1996 దాకా మధ్యలో వచ్చింది ఒకే ఒక్క ఆల్బమ్, 1988లో. దానికీ టూర్ లేదు. నా దృష్టిలో ఇది చేజేతులా పోగొట్టుకున్న కెరీర్. కాదనేవాళ్లు రండి.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)
అన్నా, నా ఓటు నీకే. ఆమె ఆపిన టైమ్ చూడు. 1981లో ఎంటీవీ అనే పాటల టీవీ ఛానల్ మొదలైంది. రాక్ పాట ప్రతి ఇంట్లోకి టీవీలో వచ్చిన దశాబ్దం అది. ఆ పదేళ్లూ ఆమె లేదు. పిల్లలున్నారు కదా అంటారా? ప్రిటెండర్స్ బ్యాండు క్రిసీ హైండ్ కూడా తన పాటలు తానే రాసుకునేదే. 1983లో పాప పుట్టింది, 1984లో ఆల్బమ్ తెచ్చింది. చేయాలనుకుంటే కుదిరేది.

పెన్న_ఒడ్డు (ప్రొద్దుటూరు)
బురుజు తమ్ముడూ, ఆల్బమ్‌లు లెక్కపెట్టి పదహారేళ్లు సున్నా అని తేల్చేశావు. ఆ ఏళ్లలో ఆమె ఏం చేసిందో చూశావా?

తెల్లవారుజామున పిల్లలు లేవకముందే లేచి రాసుకునేదాన్నని ఆమే చాలాచోట్ల చెప్పింది. ఒకరోజు వంటింట్లో బంగాళదుంపల తొక్క తీస్తుంటే భర్త వచ్చి, ‘జనం చేతిలోనే బలముంది, ఇది రాయి’ అన్నాడట. 1988 ఆల్బమ్‌లోని ‘పీపుల్ హ్యావ్ ద పవర్’ అట్లా పుట్టింది. ఇప్పుడు ఊరేగింపుల్లో పాడుకునే పాట అది. ఇక 2010లో వచ్చిన ఆమె పుస్తకం ‘జస్ట్ కిడ్స్’. దానికి అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు ఇచ్చారు. ఆ క్రమశిక్షణ ఆ పదహారేళ్లలో వచ్చిందేనని ఆమె మాట. మరి దాన్ని కెరీర్ ఖాతాలో ఎందుకు రాయరు?

ఇంకొకటి. 1977 జనవరిలో ఫ్లోరిడాలోని టాంపాలో ఆమె స్టేజీ మీద నుంచి సిమెంటు గచ్చు మీద పడి మెడ ఎముకలు విరగ్గొట్టుకుంది. అప్పటికే పేరొచ్చి, ఒళ్లు అలిసిపోయిన మనిషి. ఫ్లోరెన్స్ తర్వాత ఆపకపోతే ఏమయ్యేదో మనకేం తెలుసు?

నేను కడప ఆకాశవాణిలో లలిత సంగీతం పాడేదాన్ని. ఆడిషన్‌లో బి గ్రేడ్ వచ్చింది. పోస్టులో కాంట్రాక్టు కాగితం వస్తే ఇల్లంతా పండగ. పెళ్లయ్యాక మా అత్తగారి ఊరినుంచి స్టేషన్‌కు వచ్చిపోవడమే సరిపోయేది. ‘నువ్వు లేకపోతే రేడియో ఆగిపోతుందా’ అనేవాళ్లు. ఆగలేదు మరి. కాబట్టి ఆపడం ఎంత కష్టమో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆమెది, నాది ఒకటి కాదు.

డ్రమ్మర్_సీక్యాంప్ (కర్నూలు)
అక్క చివర్లో అన్న మాట దగ్గరే విషయమంతా ఉంది. ఎందుకు ఒకటి కాదు?

నేను పెళ్లిళ్లకు, జాతరలకు ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయిస్తా. మా దగ్గర ఫీమేల్ సింగర్ రెండు సీజన్లు రాకపోతే ఆ చోటు పోయినట్టే. ఇంకో అమ్మాయి అవే సినిమా పాటలు అదే శ్రుతిలో పాడేస్తుంది. జనం పాట కోసం వస్తారు, ఎవరు పాడారన్నది చాలామంది పట్టించుకోరు. పాట ఆమెది కాదు గనక.

పాటీ స్మిత్ పాట ఆమెదే. ‘బికాజ్ ద నైట్’ సంగతి వినండి. అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ సగం చేసి వదిలేసిన పాట అది. నిర్మాత జిమ్మీ అయోవీన్ ఆ టేపు తెచ్చి ఈమెకిచ్చాడు. ఒక రాత్రి డెట్రాయిట్ నుంచి ఫ్రెడ్ ఫోన్ చేస్తానన్న టైముకు చెయ్యలేదు. ఎదురుచూస్తూ ఆ రాత్రే మిగతా సాహిత్యం రాసేసింది. అంటే పెళ్లి చేసుకోబోయేవాడి కోసం కూర్చున్నప్పుడు వచ్చిన పాటే ఆమెకు పెద్ద హిట్. అదే పాటను 1993లో టెన్ థౌజండ్ మేనియాక్స్ అనే బ్యాండు పాడితే 11వ స్థానానికి పోయింది, ఆమె పాడినదాని కంటే రెండు మెట్లు పైకి. అప్పుడు ఆమె ఇంట్లో ఉంది. పాట బయట తిరుగుతోంది. రాసినవాళ్లకు రాయల్టీ వస్తుంది.

తనదంటూ పాట ఉన్నవాళ్లకు ఆపినా తిరిగి రావడానికి దారి ఉంటుంది. గొంతు మాత్రమే ఉన్నవాళ్లకు ఉండదు. పెళ్లి, పిల్లలు తర్వాతి మాట.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)
బాగుంది గానీ, ఆ హిట్టులో సగం స్ప్రింగ్‌స్టీన్‌దేనని నువ్వే అంటివి.

పైగా మన దగ్గర ఆపకుండా నడిపినవాళ్లు లేరా? పి. శాంతకుమారి అక్కవాళ్ల ప్రొద్దుటూరులోనే పుట్టారు. పాడారు, నటించారు. దర్శకుడు పి. పుల్లయ్యను పెళ్లి చేసుకున్నాక కూడా దశాబ్దాలు తెరమీద ఉన్నారు. ఆమెకేమీ రాయల్టీ పాటలు లేవే!

పెన్న_ఒడ్డు (ప్రొద్దుటూరు)
మా ఊరి పేరెత్తి నన్నే గెలవాలని చూస్తున్నావు. శాంతకుమారి గారి భర్తది అదే రంగం. ఇల్లూ షూటింగూ ఒకటే మాట. రెండో వైపు రావు బాలసరస్వతి గారిని చూడు. తెలుగులో మొదటి తరం నేపథ్య గాయని. కోలంక రాజావారితో పెళ్లయింది, ఇంట్లో ఇష్టం లేక పేరున్న రోజుల్లోనే సినిమా పాట తగ్గించి, ఆపేశారు. గొంతుకేం లోటు? అడ్డం ఉన్నది ఇల్లు. కాబట్టి డ్రమ్మర్ తమ్ముడు చెప్పింది సగమే నిజం. పాట నీదైనా సరే, ఇంట్లోవాళ్లు రాసుకోనివ్వాలి. ఫ్రెడ్ రాయమన్నాడు. అందరూ అనరు.

నల్లకోటు_అనంత (అనంతపురం)
లా చదువుతున్నాను, ఒక పాయింట్. మన దేశంలో 2012 కాపీరైట్ సవరణ తర్వాత సినిమా పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమ రాయల్టీ వాటాను నిర్మాతకు పూర్తిగా రాసివ్వడానికి వీల్లేదు. పాడినవాళ్లకు కూడా వాణిజ్య వాడకంలో రాయల్టీ హక్కు వచ్చింది. అంటే ‘గొంతు మాత్రమే ఉంటే ఏమీ లేదు’ అన్నది ఇప్పుడు చట్టప్రకారం సరికాదు.

డ్రమ్మర్_సీక్యాంప్ (కర్నూలు)
సార్, అది రికార్డయిన పాటకు. మా అమ్మాయిలు పాడేది పెళ్లి పందిట్లో. రాత్రి పన్నెండుకు కవరులో ఇచ్చిందే లెక్క. అదీ బేరమాడి ఇస్తారు. చట్టం అక్కడిదాకా రాలేదు.

బురుజు_కింద (కర్నూలు)
నేను మొదలుపెట్టాను గనక మళ్లీ అడుగుతా. ఇష్టంతో ఆపింది, ఇష్టంతో వచ్చింది అన్నట్టు మాట్లాడుతున్నారు. 1994 నవంబర్‌లో ఫ్రెడ్ 46 ఏళ్లకే గుండె జబ్బుతో పోయాడు. కొద్ది రోజులకే ఆమె తమ్ముడు టాడ్ కూడా పోయాడు. చేతిలో ఇద్దరు పిల్లలు. బతకాలి గనక మళ్లీ పని చేయాల్సి వచ్చిందని ఆమే చెప్పింది. 1995 డిసెంబర్‌లో బాబ్ డిలన్ టూర్లో పాడింది, 1996లో ‘గాన్ అగైన్’ ఆల్బమ్ వచ్చింది. రాయల్టీ అంత ఆదుకుంటే ఆ అవసరం ఎందుకొచ్చింది? ఫ్రెడ్ బతికుంటే ఆమె తిరిగి వచ్చేదా?

డ్రమ్మర్_సీక్యాంప్ (కర్నూలు)
రాయల్టీతో కూర్చుని తినొచ్చని నేననలేదు. తలుపు మూసుకుపోలేదని అన్నా. ఆపిన పదహారేళ్లకు డిలన్ పిలిచాడంటే పాట మీద నమ్మకంతోనే కదా. అవసరం చాలామందికి వస్తుంది, పిలుపు అందరికీ రాదు. 2025లో ‘హార్సెస్’కు 50 ఏళ్లని ఆ ఆల్బమ్ మొత్తం స్టేజీల మీద పాడింది. అప్పటికి వయసు 78.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)
అన్నీ మాట్లాడారు, క్రిసీ హైండ్ గురించి మాత్రం ఒక్కరూ జవాబివ్వలేదు.

పెన్న_ఒడ్డు (ప్రొద్దుటూరు)
ఇస్తా. ఆ బ్యాండులో జేమ్స్ హనీమన్-స్కాట్ 1982లో, పీట్ ఫార్న్‌డన్ 1983లో డ్రగ్స్‌తో పోయారు. హైండ్ నిలబడింది, ఆమెకు దండం. కానీ ఆపనివాళ్లకు ఏ నష్టమూ రాలేదన్నట్టు మాట్లాడకు.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)
అది కుర్రాళ్ల సంగతక్కా, ఆమె సంగతి కాదు. నా ప్రశ్న అట్లే ఉంది.