పాత చర్చి కప్పు మీద సోలార్ ప్యానెళ్లు: అడ్డంకి అనుమతా, ఆర్థికమా?

ప్రశ్న

నేను ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూరి ఆంగ్లికన్ చర్చి కమిటీకి కోశాధికారిగా ఉన్నాను. మా చర్చి 15వ శతాబ్దపు కట్టడం, చట్టరక్షణ ఉన్న చారిత్రక కట్టడాల జాబితాలో అత్యున్నత స్థాయి అయిన గ్రేడ్ 1లో ఉంది. మధ్య భాగం మీద సీసపు రేకుల కప్పు, దాని అంచున పిట్టగోడ ఉన్నాయి. దక్షిణపు వాలు మీద 10 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టాలని కమిటీలో సగం మంది పట్టుబడుతున్నారు. అంత పాత కప్పు మీద చెయ్యి వేయడానికి ఎవరూ ఒప్పుకోరని మిగతావారు అంటున్నారు. 2030 నాటికి నెట్ జీరో (నికరంగా సున్నా కర్బన ఉద్గారాలు) సాధించాలని 2020 ఫిబ్రవరిలో మా చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పాలక సభ అయిన జనరల్ సినాడ్ తీర్మానించింది కనుక ఖర్చు పైనుంచే వస్తుందని ఒకరిద్దరి నమ్మకం. అనుమతి నిజంగా అంత కష్టమా? డబ్బు ఎక్కడి నుంచి సమకూర్చుకోవాలి?

జవాబు 1

పాత చర్చిల మరమ్మతు పనులు చూసే ఆర్కిటెక్టుగా అనుమతి సంగతి మాత్రం చెప్పగలను. జాబితాలోని కట్టడాలను మార్చడానికి స్థానిక కౌన్సిల్ ఇచ్చే సమ్మతి విషయంలో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ భవనాలకు మినహాయింపు ఉంది. దానికి బదులు డయోసిస్ (బిషప్ పరిధిలోని ప్రాంతం) ఛాన్సలర్, అంటే చర్చి న్యాయమూర్తి, నుంచి ఫ్యాకల్టీ అనే చర్చి అనుమతి తెచ్చుకోవాలి. అంతకు ముందే డయోసిస్ సలహా సంఘాన్ని కలవండి. మీది గ్రేడ్ 1 కనుక చారిత్రక కట్టడాలపై సలహా ఇచ్చే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ అభిప్రాయం కూడా అడుగుతారు. మినహాయింపు ఉంది కదా అని కౌన్సిల్‌ను మరచిపోవద్దు, బయటి రూపం మారేటట్లయితే ప్లానింగ్ అనుమతి వేరుగా కావాలి.

2022 జులై 1 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం, ఫ్యాకల్టీ కోరేవారు నెట్ జీరో మార్గదర్శకాలను పట్టించుకున్నామని చూపించాలి. ఆ విధంగా గాలి మీవైపే వీస్తోంది. 2016లో గ్లోస్టర్ కెథెడ్రల్ మీద 150 ప్యానెళ్లు అమర్చారు. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ చాపెల్ (అది పారిష్ చర్చి కాదనుకోండి) సీసపు కప్పు మార్చే పనిలోనే 438 ప్యానెళ్లు ఎక్కించింది. తూర్పు ముఖంగా చర్చి కట్టే ఆచారం వల్ల మధ్యభాగపు కప్పుకు పొడవాటి దక్షిణపు వాలు దొరుకుతుంది. సోలార్ కోసమే కట్టారా అనిపిస్తుంది. మీ పిట్టగోడ ఎత్తుగా ఉండి, కప్పు వాలు తక్కువైతే నేల మీద నిలబడినవారికి ప్యానెల్ కనిపించకపోవచ్చు. ఆ సంగతిని మాటల్లో కాకుండా, సమాధుల తోటలోని నాలుగైదు చోట్ల నుంచి తీసిన ఫొటోలతో నిరూపించండి.

సీసానికి మేకు కొట్టనివ్వకండి. రేకుల అతుకుల దగ్గరి ఉబ్బులను పట్టుకునే క్లాంపులు ఉన్నాయి, కావాలంటే అంతా విప్పేయవచ్చు. కప్పు కింద గబ్బిలాలున్నాయేమో ముందుగా సర్వే చేయించండి. అవి చట్టరక్షణ ఉన్న జీవులు కనుక పని నెలల తరబడి ఆగిపోయే ప్రమాదముంది.

జవాబు 2

పై జవాబుతో నాకు పేచీ లేదు. కానీ మా చర్చిలో మేము అనుమతి దగ్గర కాదు, లెక్క దగ్గర తప్పటడుగు వేశాము. ఏడాది కరెంటు బిల్లు మొత్తం చూసి, అందుకు సరిపోయే పరిమాణంలో ప్యానెళ్లు పెట్టించాము. ఇంగ్లండ్ ఎండలో 10 కిలోవాట్లకు ఏడాదికి సుమారు 9,000 యూనిట్లు వస్తాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం వేసవిలో, చర్చి తాళం వేసి ఉన్న రోజుల్లో వస్తుంది. మా వాడకమేమో చలికాలపు ఆదివారాల వేడికీ సాయంత్రాల దీపాలకూ. తయారైన దానిలో అధిక భాగం గ్రిడ్‌కు పోయింది. సొంతంగా తయారుచేసిన కరెంటుకు డబ్బిచ్చే ఫీడ్-ఇన్ టారిఫ్ పథకం 2019 మార్చి 31తో కొత్తవారికి మూతపడింది. 2020 జనవరి 1న మొదలైన స్మార్ట్ ఎక్స్‌పోర్ట్ గ్యారంటీ పథకం కింద, గ్రిడ్‌కు పంపిన యూనిట్‌కు సరఫరాదారు ఇచ్చే ధర సాధారణంగా మనం యూనిట్ కొనే ధరకంటే తక్కువ. అందుచేత అరగంటకోసారి నమోదయ్యే మీటర్ లెక్కలు ఏడాదివి ముందు తెప్పించుకోండి. పక్కనే హాలు ఉండి వారమంతా వాడేట్లయితే లెక్క పూర్తిగా మారిపోతుంది.

ఇక డబ్బు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ నిధులను చూసే చర్చ్ కమిషనర్లు 2022లో నెట్ జీరో కార్యక్రమానికి 19 కోట్ల పౌండ్లు ప్రకటించిన మాట నిజమే, కానీ అది పాఠశాలలూ కెథెడ్రళ్లూ సహా అందరిదీ. మీ ఒక్క కప్పుకు పూర్తిగా వస్తుందని బడ్జెట్ వేసుకోవద్దు. పన్ను చెల్లించే ఊరివారిని ఒక్కొక్క ప్యానెల్‌కు విరాళమివ్వమని అడిగితే ఛారిటీ విరాళాలపై పన్నును తిరిగిచ్చే గిఫ్ట్ ఎయిడ్ పథకం కింద ప్రతి పౌండుకు మరో 25 పెన్నీలు ప్రభుత్వం నుంచి వస్తాయి. మాకు బాగా పనిచేసిన మార్గం ఇదే. ఛారిటీ అవసరాలకు వాడే భవనాలకు 2024 ఫిబ్రవరి 1 నుంచి అమర్చి ఇచ్చే ప్యానెళ్లపైన, బ్యాటరీలపైన వ్యాట్ సున్నా. ఈ వెసులుబాటు 2027 మార్చి 31 వరకే ఉంది.

జవాబు 3

రెండు మాటలు చేర్చాలి. బయటి పెట్టుబడిదారు కప్పు అద్దెకు తీసుకుని, విద్యుత్తు మీకే అమ్ముతానంటే ఆకర్షణీయంగా ఉంటుంది. కానీ చర్చిలో ఏ భాగాన్నైనా లీజుకివ్వడానికి మళ్లీ ఫ్యాకల్టీ కావాలి, పైగా కప్పు మరమ్మతు వచ్చినప్పుడు ప్యానెళ్లు విప్పే ఖర్చు ఎవరిదో కాగితం మీద ఉండాలి. ప్యానెళ్ల ఆయుష్షు పాతికేళ్లు. అయిదేళ్లకోసారి చేసే మీ భవన తనిఖీ నివేదికలో సీసం పదేళ్లకు మించి నిలవదని రాసి ఉంటే, ఇప్పుడు ప్యానెళ్లు వేయడం రెండుసార్లు పరంజా కట్టించుకోవడమే.

రెండోది, కరెంటు సరఫరా ఒక ఫేజా, మూడు ఫేజులా అని చూడండి. ఒక్కో ఫేజుకు 3.68 కిలోవాట్ల వరకైతే అమర్చాక నెట్‌వర్క్ సంస్థకు తెలియజేస్తే చాలు, మించితే ముందుగా అనుమతి కావాలి. మూడు ఫేజులుంటే మీ 10 కిలోవాట్లు ఆ హద్దులోనే ఇమిడిపోతాయి.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. నివేదిక తీసి చూశాను: ఉత్తరపు వాలు బాగానే ఉంది, మీరు హెచ్చరించిన సమస్య దక్షిణపు వాలుకే ఉంది. ఎనిమిదేళ్లలోపు రేకులు మార్చాలని రాశారు. కప్పు పని జరిగేటప్పుడే ప్యానెళ్లు ఎక్కించేలా రెండింటికీ కలిపి ఒకే ఫ్యాకల్టీ కోరవచ్చా అని సలహా సంఘానికి రేపు ఉత్తరం రాస్తున్నాను. ఈలోగా మీటర్ లెక్కల కోసం సరఫరాదారును అడిగాను. హాలు వాడకం అందులో కలిసి ఉందో లేదో ఇంకా తేలాలి.