ఫ్రీ ఓఎస్‌లో ప్రోగ్రామింగ్ టూల్స్: కమ్యూనిటీ సపోర్ట్‌ను నమ్ముకుని పని ఒప్పుకోవచ్చా?

తొలకరి:
డెబియన్ 12 అనే ఉచిత లినక్స్ ఓఎస్‌కి మారిన కొత్తలో జరిగింది ఇది. పైథాన్ లైబ్రరీలు ఎక్కించే పిప్‌తో ఒక లైబ్రరీ ఎక్కించబోతే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. వెతికితే ఒక సహాయ వేదికలో బోలెడు ఓట్లు పడ్డ జవాబు కనిపించింది. ఒకటే లైను: కమాండ్ చివర "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్" ఆప్షన్ తగిలించండి. ఎందుకు, ఏమవుతుంది అని ఒక్క ముక్క లేదు. సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో కొట్టాను, పనయింది. రెండు రోజులకి, డెబియన్ సొంత ఇన్‌స్టాలర్ ఆప్ట్‌తో పెట్టుకున్న నా బ్యాకప్ టూల్ తెరుచుకోవడం మానేసింది. అది కూడా పైథాన్‌లో రాసిందే. అదే చోట మళ్ళీ అడిగాను. మొదటి జవాబు "మాన్యువల్ చదివారా?" రెండోది "ఆప్షన్ పేరులోనే బ్రేక్ అని ఉంది కదా." మూడో జవాబు రాలేదు.

డెడ్‌లైన్ దాటిపోయి, ఒప్పుకున్న పని చేజారింది. అందుకే అడుగుతున్నాను. డబ్బులొచ్చే పనికి ఈ సపోర్ట్‌ను నమ్ముకోవచ్చా?

సెమికోలన్:
పేరులో బ్రేక్ అని ఉన్న మాట నిజమే కదండీ.

నల్లతెర:
తొలకరి గారూ, పని పోయినందుకు బాధగా ఉంది. కానీ తప్పంతా కమ్యూనిటీ నెత్తిన వేస్తే ఒప్పుకోను. ఆ ఎర్రర్ మిమ్మల్ని ఏడిపించడానికి పెట్టింది కాదు. ఆప్ట్ ఏం పెట్టిందో పిప్ పట్టించుకోదు, పిప్ ఏం పెట్టిందో ఆప్ట్‌కి తెలియదు. సుడోతో పిప్ నడిపితే లైబ్రరీలు యూఎస్ఆర్ లోకల్ అనే ఫోల్డర్ కింద చేరతాయి. పైథాన్ ముందు అక్కడే వెతుకుతుంది, డెబియన్ ఇచ్చిన వాటి దగ్గరికి ఆ తర్వాతే వెళ్తుంది. మీ బ్యాకప్ టూల్ పాత వెర్షన్‌ను ఆశించింది, దానికి కొత్తది దొరికింది, కూలబడింది. ఏళ్ళ తరబడి ఇలా సిస్టమ్‌లు పాడవుతుంటే చూడలేకే, ఓఎస్ చూసుకునే పైథాన్‌లో పిప్ నేరుగా ఏదీ పెట్టకుండా ఆపే పెప్ 668 అనే పద్ధతి తెచ్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 దాన్ని అమల్లో పెట్టింది. ఆ ఎర్రర్ మెసేజ్ కిందే రాసి ఉంటుంది: ఆప్ట్‌లో ఉంటే అక్కడి నుంచి తీసుకోండి, లేకపోతే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్‌ను తాకని విడి పైథాన్ ఫోల్డర్) చేసుకోండి అని. ఆ ఆప్షన్ వాడితే ఓఎస్ పాడయ్యే రిస్క్ ఉందని కూడా అక్కడే ఉంటుంది. అదంతా రాసింది కూడా కమ్యూనిటీయే కదా?

గడియారం:
ఇంత వివరంగా మీరు ఇప్పుడు చెప్పారు. ఆవిడకి కావలసిన రోజు ఎవరూ చెప్పలేదు. తేడా అదే. జీతం తీసుకునే సపోర్ట్ అయితే టికెట్ నంబర్ ఉంటుంది, ఫలానా గంటలోపు మాట్లాడతామని రాతపూర్వకంగా ఉంటుంది. ఉచితంగా వచ్చినదానికి గ్యారంటీ లేదని లైసెన్స్‌లోనే పెద్దక్షరాలతో రాస్తారు. మరి దాని మీద వ్యాపారం ఎలా కడతారు?

నల్లతెర:
రాతపూర్వకంగానా? సర్వర్లలో వాడే ఉచిత లినక్స్ సెంట్‌ఓఎస్ 8కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయన్నారు. వెనక ఉన్నది పెద్ద కంపెనీయే. 2020 డిసెంబర్‌లో మాట మార్చి 2021 చివరికల్లా ఆపేశారు. అప్పుడు నిలబెట్టింది ఎవరు? ఆల్మా లినక్స్, రాకీ లినక్స్ అని కొత్తవి కట్టి, సర్వర్లు పడిపోకుండా చూసుకున్నారు. ప్రోగ్రామ్‌లను మెషీన్ భాషలోకి మార్చే జీసీసీ కంపైలర్ సంగతి చూడండి. 1997లో పని నెమ్మదించిందని కొందరు విడిపోయి ఈజీసీఎస్ పెట్టుకున్నారు. 1999కల్లా అదే అసలు జీసీసీ అయింది. మీ టికెట్ నంబర్‌తో ఇవి జరుగుతాయా?

గడియారం:
ఆల్మా వెనక కూడా కంపెనీ డబ్బే ఉంది సార్. అయినా నేను అడిగింది ఒక మనిషికి ఒక మంగళవారం నాడు జవాబు దొరుకుతుందా అని. మీరు చెప్తున్నది చరిత్ర.

చదువరి:
లినక్స్‌లో ఫైళ్ళు కుదించే ఎక్స్‌జెడ్ టూల్ సంగతి గుర్తుందా? 2024 మార్చి. 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే దారి) లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ తవ్వుకుంటూ పోతే బయటపడింది. కోడ్ తెరిచి ఉంది కాబట్టే దొరికింది. కమ్యూనిటీని నమ్మవచ్చు.

గడియారం:
అదే ఎక్స్‌జెడ్‌ని ఏళ్ళ తరబడి ఒక్క మనిషి మోశాడు, తీరిక వేళల్లో. అలసిపోయానని ఆయన చెప్పుకుంటుంటే కూడా త్వరగా ప్యాచ్‌లు (ఇతరులు పంపిన కోడ్ మార్పులు) తీసుకోమని కొన్ని ఖాతాలు వెంటపడ్డాయి. ఆ ఒత్తిడి సందులోంచే దొంగ లోపలికొచ్చాడు. దీన్ని మీరు నమ్మకానికి ఉదాహరణగా చెప్తున్నారా?

సెమికోలన్:
ఎవరేమన్నా ఆప్షన్ పేరు చూసి ఆగాల్సింది.

తొలకరి:
సెమికోలన్ గారూ, రెండోసారి అంటున్నారు. రాత్రి పదకొండున్నరకి, పొద్దున్నే ఇవ్వాల్సిన పని పెట్టుకుని, అంతమంది ఓటేసిన జవాబు కనబడితే మీరైతే ఆగుతారా? "ప్యాకేజీలు విరుగుతాయి" అంటే నేను పెట్టే ప్యాకేజీ గురించేమో అనుకున్నాను. నా బ్యాకప్ టూల్ గురించి అని ఎలా తెలుస్తుంది?

నల్లతెర:
ఎర్రర్ మెసేజ్ చదివితే తెలుస్తుంది.

గట్టిగానే చెప్తాను, ఏమనుకోకండి. ఒక చిన్న ప్యాకేజీని ఆరేళ్ళు చూసుకున్నాను. పైసా రాలేదు, అడగలేదు. మా నాన్న ఐసీయూలో ఉన్న వారం, బయట బెంచీ మీద కూర్చుని ఫోన్ తెరిస్తే, "నాలుగు రోజులైంది, ఇంకా బిల్డ్ సరిచేయలేదా, బాధ్యత లేదా" అని ఒకాయన రాశాడు. ఆ మాట రాసినాయన ఆరేళ్ళలో ఒక్క బగ్ రిపోర్ట్ కూడా సరిగ్గా పెట్టలేదు. ఆ నెల్లోనే ప్యాకేజీని, చూసుకునేవాళ్ళు లేనివి ఉండే అనాథ జాబితాలో పెట్టేశాను. "సపోర్ట్" అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఎవరికీ బాకీ లేను.

తొలకరి:
బాకీ ఉన్నారని నేను అనలేదు! ఆయన మిమ్మల్ని అన్నది తప్పే. నాన్నగారి విషయం విని మనసు చివుక్కుమంది. కానీ ఆయన మీదున్న కోపం నా మీద తీర్చుకోకండి. నా ప్రశ్నకి జవాబు రాయకపోతే నాకు బాధ లేదు. ఎవరూ రాయకపోయి ఉంటే ఇంకో దారి వెతుక్కునేదాన్ని. రాశారు కదా, తప్పుగా రాశారు కదా! నా సిస్టమ్ ఇలా పాడైంది, హెచ్చరిక చేర్చండి అని ఆ జవాబు కింద కామెంట్ పెట్టాను. మర్నాటికి కామెంట్ తీసేశారు. జవాబు అలాగే ఉంది. జవాబు ఇవ్వాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. ఇచ్చిన జవాబుకి మాత్రం బాధ్యత ఉంటుంది. నేను అడుగుతున్నది అంతే.

గడియారం:
నేనింతసేపూ గ్యారంటీ గురించి వాదిస్తున్నాను. ఆవిడ అడిగింది అది కాదన్నమాట.

నల్లతెర:
కామెంట్ తీసేశారని మీరు మొదట్లో చెప్పలేదు. అది అన్యాయం, ఒప్పుకుంటున్నాను.

అయినా మీ మాట సగమే ఒప్పుకోగలను. ఒకప్పుడు సుడో పిప్ ఇన్‌స్టాల్ అని మేమందరం చెప్పిందే. నేను అలా రాసిన జవాబులు ఎన్ని చోట్ల ఉన్నాయో నాకే గుర్తు లేదు. అవన్నీ ఇప్పుడు తప్పు సలహాలే. రాసినవాడు జీవితాంతం వెనక్కి వెళ్ళి దిద్దుతూ కూర్చోవాలంటే రేపటి నుంచి ఎవరూ రాయరు. దిద్దేవాళ్ళు చదివినవాళ్ళలోంచే రావాలి. మీరు దిద్దబోయారు, వాళ్ళు తీసేశారు. నాకు కోపం వస్తున్నది అక్కడ.

తొలకరి:
నాకూ అక్కడే. కానీ రాసినాయన ఇప్పటికీ రోజూ అక్కడ జవాబులు రాస్తూనే ఉన్నారు. ఆయన్ని వదిలేసి చదివినవాళ్ళనే దిద్దమంటే నేను ఒప్పుకోను.

నల్లతెర:
సరే, దాని మీద మనకి కుదరదు. బ్యాకప్ టూల్ ఇంకా అలాగే ఉందా? ఉంటే యూఎస్ఆర్ లోకల్ లిబ్ కింద పైథాన్ 3.11లో డిస్ట్ ప్యాకేజెస్ ఫోల్డర్ చూడండి. అందులో ఉన్న పేర్లన్నీ ఇక్కడ పెట్టండి. దేన్ని తీసేయాలో చెప్తాను. తీయడానికి కూడా పిప్ మళ్ళీ అదే ఆప్షన్ అడుగుతుంది, ఈసారి కంగారు పడకండి. ఇంపోర్ట్ ఎర్రర్‌లో చివరి లైను కూడా కావాలి.

తొలకరి:
అలాగే ఉంది. ఆ మెషీన్ ఆఫీసులో ఉంది, రేపు ఉదయం పెడతాను. పిప్‌తో పెట్టింది ఒకటే, దానితో పాటు పదిహేనో పదహారో వచ్చాయి.

సెమికోలన్:
లిస్ట్ పెట్టేటప్పుడు వెర్షన్ నంబర్లు కూడా పెట్టండి. ఆప్ట్ వెర్షన్లతో పోల్చి నేను చూస్తాను.