మెమరీ ఖాళీగా ఉన్నా లినక్స్ కెర్నల్ కంపాక్షన్‌లో (చెల్లాచెదురైన ఖాళీ పేజీలను ఒకచోటికి చేర్చే పనిలో) ఇరుక్కుంటోంది

లినక్స్ 6.1, 64 జీబీ ర్యామ్, ఒకే నూమా నోడ్ (మెమరీ అంతా ఒకే గుంపుగా), డేటాబేస్ సర్వర్. రీబూట్ చేశాక ఒకటి రెండు రోజులు బాగానే నడుస్తుంది. తర్వాత ఉన్నట్టుండి 20-30 సెకన్ల పాటు సిస్టమ్ సీపీయూ 80 శాతం దాటి, క్వెరీలన్నీ ఆగిపోతాయి. అప్పుడు కూడా 3 జీబీ ఫ్రీగానే ఉంటుంది! స్వాప్ కదలదు.

కెర్నల్ మెమరీ లెక్కలు చూపే వీఎంస్టాట్‌లో కంపాక్ట్_స్టాల్ (కంపాక్షన్ కోసం ప్రాసెస్ ఆగిన సార్లు), కంపాక్ట్_ఫెయిల్ (అది విఫలమైన సార్లు) రెండూ ఎగబాకుతున్నాయి. ఏ సైజు ఖాళీ ముక్కలు ఎన్ని ఉన్నాయో చూపే బడ్డీఇన్ఫోలో నార్మల్ జోన్ (మామూలు మెమరీ) వరుస చూస్తే ఆర్డర్ 4 (వరసగా 16 పేజీల ముక్క) నుంచి పైకి అన్నీ సున్నాలే. ఫ్రాగ్మెంటేషనే (ఖాళీ మెమరీ చిన్న ముక్కలైపోవడమే) అనుకుంటున్నా.

ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలను (కెర్నల్ తనంతట తానే ఇచ్చే పెద్ద పేజీలను) మ్యాడ్వైజ్‌కి (అడిగిన ప్రోగ్రామ్‌కే), తర్వాత నెవర్‌కి (పూర్తిగా ఆఫ్) మార్చాను. మిన్_ఫ్రీ_కేబైట్స్‌ను (కెర్నల్ ఖాళీగా ఉంచే కనీస మెమరీని) 1 జీబీకి పెంచితే కుదుపులు తగ్గాయి గానీ పోలేదు. స్వాపీనెస్‌తో (స్వాప్‌ను ఎంతగా వాడాలో చెప్పే సెట్టింగ్) తేడా లేదు (ఊహించిందే). డ్రాప్_క్యాషెస్ చేస్తే (మెమరీలోని ఫైల్ క్యాష్ ఖాళీ చేస్తే) కాసేపు ఊరట, ఆ వెంటనే డిస్క్ రీడ్ల మోత.

హ్యూజ్ పేజీలు ఆపేశాక కూడా పెద్ద ఆర్డర్ పేజీలు అడుగుతున్నది ఏ డ్రైవరో, ఏ ప్రాసెసో, నడుస్తున్న సర్వర్ మీదే కాల్ స్టాక్‌తో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే వరుసతో) సహా పట్టుకోవాలంటే ఏ ట్రేస్‌పాయింట్ (కెర్నల్‌లో ముందే ఉన్న నిఘా బిందువు) వాడాలి?