కొరివిదెయ్యం తరమకూడదు, వెంట తిప్పుకోవాల

కలివిపొద
గోడాట్ 4 (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్)లో అడవి ఆట ఒకటి చేస్తా ఉండా, సాయం కావాల. చోటు రాపూరు, సైదాపురం మధ్య చిట్టడవి: కలివి పొదలు, బలుసు, అక్కడక్కడా ఎర్రచందనం, మధ్యలో వదిలేసిన అభ్రకం గుంటలు. దెయ్యం కొరివిదెయ్యం. ఇప్పుడది నావిగేషన్ ఏజెంటుతో (దారి వెతికి నడిపించే భాగం) ఆటగాడి వెంట పరిగెత్తతా ఉండాది. రెండుసార్లు పట్టుకున్నాక భయం పోతా ఉంది. దాని నడక ఎట్టా రాయాల?

పెన్నగట్టు
తమ్ముడూ, మనవైపు కథల్లో కొరివిదెయ్యం ఎవర్నీ తరమదు. గట్టు మీద ఎవరో కాగడా పట్టుకొని పోతన్నట్టు ముందు పోతుంది. దారి తప్పినోడు ఊరొచ్చిందనుకొని దాని వెనకాల పోతాడు. కాబట్టి పరుగు కోడ్ మొత్తం తీసెయ్. దానికి ఒకటే పని, ఆటగాణ్ణి గుంట దాకా నడిపించడం.

నావిగేషన్ సర్వర్‌లో మ్యాప్ గెట్ పాత్ అనే ఫంక్షన్‌తో ఆటగాడి నుంచి దగ్గరి గుంట అంచుకి దారి తీసుకో. ఆ దారి మీద 30 మీటర్ల ముందు ఎక్కడ పడుతుందో అక్కడ మంట పెట్టు. దారి వదిలేసి ఆటగాడికీ గుంటకీ మధ్య నేరుగా గీత గీసి పెట్టావంటే బండో ముళ్లకంపో అడ్డమొస్తుంది, ఆటగాడు అక్కడే ఆగిపోతాడు. దారి మీద పెడితే వెలుగున్న వైపు కాలిబాట కూడా ఉంటుంది, అందుకే నమ్ముతాడు. అర సెకనుకోసారి లెక్క కడితే చాలు. మధ్యలో మంటని లెర్ప్ (రెండు చోట్ల మధ్య మెల్లగా జరిపే ఫంక్షన్)‌తో జరుపుకో.

ఆటగాడు ఆగితే అదీ ఆగాల. 20 సెకన్లు కదలకుంటే 22 మీటర్లకి వెనక్కి రావాల, పిలుస్తున్నట్టు. వాడు అటు తిరిగి పోతే వెంట పోకూడదు. దూరం 60 మీటర్లు దాటితే ఆరిపోయి, 90 సెకన్ల తర్వాత ఇంకో దిక్కున వెలగనీ.

దెబ్బ తినేది యాడంటే, ఆట మొదలైన మొదటి ఫ్రేములో నావిగేషన్ మ్యాప్ ఇంకా సిద్ధమై ఉండదు, దారి ఖాళీగా వస్తుంది, మంట సున్నా బిందువు దగ్గర పడుతుంది. ఒక ఫిజిక్స్ ఫ్రేము ఆగి అడుగు. రెండు గుంటలు ఇంచుమించు ఒకే దూరంలో ఉంటే మంట కుడికీ ఎడమకీ దూకతా ఉంటుంది. కొత్త గుంట కనీసం 15 మీటర్లు దగ్గరైతేనే మారాలని షరతు పెట్టు. ఇంకోటి, నావిగేషన్ మెష్ (నడవగలిగే నేల పటం) గుంట అంచుకి ఇవతలే ఆగుతుంది. చివరి బిందువుని అదే దిక్కులో 3 మీటర్లు పొడిగించు, అప్పుడు మంట గుంట మీద గాల్లో నిలబడుతుంది.

కాకిబంగారం
పెన్నగట్టన్న చెప్పింది సరే. కానీ మనిషి లాంతరుకీ కొరివికీ తేడా పట్టే గుర్తు లేకపోతే ఆటగాడికి అది మోసం అనిపిస్తుంది, భయం అనిపించదు. ఆ గుర్తు మీ నేలలోనే ఉంది.

అభ్రకం గుంట చుట్టూ తవ్విపోసిన దిబ్బల్లో తెల్లటి పలుగురాళ్లు, వాటి మధ్య కాకిబంగారం (అభ్రకం) రేకులు ఉంటాయి. లాంతరు పడితే అవి తళుక్కుమంటాయి. కొరివి వెలుగు పడినా మెరవకూడదు. మనిషి దీపానికి మెరిసేది దెయ్యం మంటకి మెరవదు, అంతే నియమం. గోడాట్‌లో దీనికి కోడ్ కూడా అక్కర్లేదు. కొరివికి పెట్టిన ఆమ్ని లైటు (అన్ని దిక్కులకీ వెలుగిచ్చే దీపం)లో స్పెక్యులర్ (తళుకు) విలువ 0 చెయ్యి. నేల, ఆకులు మామూలుగానే వెలుగుతాయి, రేకుల మీద తళుకు మాత్రం రాదు. స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్ (తెర మీద కనపడేవాటి ప్రతిబింబాలు) కూడా ఆపెయ్యాల, లేకపోతే మంట బొమ్మ రేకుల్లో కనపడి గుట్టు బయటపెడుతుంది.

రేకుల్ని నార్మల్ మ్యాప్ (ఉపరితలం ఎటు ఒరిగిందో చెప్పే బొమ్మ)‌తో చెయ్యొద్దు. స్క్రీన్ స్పేస్ రఫ్‌నెస్ లిమిటర్ అని ప్రాజెక్టు సెట్టింగుల్లో మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది. నార్మల్స్, అంటే ఉపరితలం చూసే దిక్కులు, పక్కపక్కనే ఎక్కువ మారితే అది గరుకుతనం పెంచేసి తళుకుని చంపేస్తుంది. చిన్న పలకల్ని మల్టీమెష్ (ఒకే ఆకారాన్ని వేలసార్లు గీసేది)‌తో చల్లు, ఒక్కో దిబ్బకి 3000 దాకా, ఒక్కోటి 25 డిగ్రీల లోపు ఎటైనా ఒరిగేటట్టు. పలక చదును కాబట్టి లిమిటర్ దాని జోలికి రాదు. ఆటగాడు నడిచే కొద్దీ ఒకటి ఆరతా ఇంకోటి వెలుగుతా ఉంటుంది. కొలత 2 సెంటీమీటర్లు పెడితే దూరాన కనపడవు: కెమెరా 75 డిగ్రీలు, తెర 1080 గీతలైతే 40 మీటర్ల దూరంలో ఒక పిక్సెల్ సుమారు 5.7 సెంటీమీటర్లు. దూరపు దిబ్బలకి 6 పెట్టు.

నెల్లూరు అభ్రకానికి లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. తళుకుకి ఆ రంగు తగలనివ్వు, తెల్లగా వదిలేస్తే గాజుపెంకుల్లా ఉంటాయి.

ఆటగాడి టార్చి వెలుగుతున్నప్పుడు దానికే రేకులన్నీ మెరిసి తేడా తెలియకుండా పోతుంది. గుర్తు చూడాలంటే టార్చి ఆర్పాల. చీకట్లో నిలబడి దూరపు దిబ్బ మెరుస్తుందా లేదా అని చూసే ఆ మూడు నాలుగు సెకన్లే ఈ ఆటకి ప్రాణం.

ఉలవపాడు తోట
పిలుపు మర్చిపోయారు. రాత్రిపూట పేరు పెట్టి పిలిస్తే ఒక్క పిలుపుకి పలక్కూడదు, మూడోసారి పిలిస్తేనే పలకాలంటారు కదా. మనిషి మూడుసార్లు పిలవాల, కొరివి రెండుసార్లే. పలకడానికి విడిగా ఒక మీట ఇవ్వండి. రెండో పిలుపుకే పలికితే మంట 30 నుంచి 12 మీటర్లకి వచ్చెయ్యాల.

పిలుపుకీ పిలుపుకీ మధ్య 6 నుంచి 9 సెకన్లు ఉండాల. 20 పెడితే ఆటగాడు లెక్క మర్చిపోతాడు. మ్యాక్స్ డిస్టెన్స్ (ఎంత దూరం దాకా వినపడాలనే విలువ) 0గా వదిలితే అడవంతా వినపడుతుంది, 50 పెట్టండి. చెట్ల వెనక నుంచి పిలిస్తే గొంతు దానంతటదే తగ్గదు, గోడాట్ ఆ పని చెయ్యదు. రేకాస్ట్ (మధ్యలో అడ్డముందా అని చూసే గీత) వేసి, అడ్డముంటే లో పాస్ ఫిల్టర్ (పదును శబ్దాల్ని తగ్గించేది) ఉన్న ఆడియో బస్సుకి (శబ్దం పోయే దారికి) మార్చండి. పిలుపుల లెక్కని సేవ్ ఫైల్లో కూడా రాయండి. రాయకపోతే లోడ్ చేసినప్పుడు మళ్లీ ఒకటి నుంచి మొదలై కొరివి మూడోసారి పిలుస్తుంది, నియమం అబద్ధమవుతుంది.

కలివిపొద
అక్కా, పిలుపు బాగుంది. వెనక్కి తిరిగి చూడకూడదు అనేది కూడా పెట్టొచ్చా? కెమెరా 120 డిగ్రీలు తిరిగితే శిక్ష.

ఉలవపాడు తోట
వద్దు తమ్ముడూ. మౌస్‌తో ఆడేవాళ్లు ఊరికే నాలుగు దిక్కులూ చూస్తా ఉంటారు. దారి వెతుక్కున్నందుకు శిక్ష పడితే నియమం అర్థం కాదు, ఆట చెడిపోయిందనుకుంటారు.

పెన్నగట్టు
నాదీ అదే మాట. దాని బదులు ఇనుము పెట్టు. చేతిలో ఇనుముంటే గాలీ ధూళీ దగ్గరికి రాదంటారు. గని పక్కన గునపం దొరకనీ. అది చేతిలో ఉంటే కొరివి 10 మీటర్ల లోపలికి రాదు. కానీ గునపానికి రెండు చేతులూ కావాల, టార్చి పట్టుకోలేడు. నడక వేగం 4 నుంచి 2.8కి తగ్గించు. లేకపోతే మొదటి రాత్రే గునపం పట్టుకొని ఆటంతా దాటేస్తారు.

గుంట అంచు కూడా న్యాయంగా ఉండాల. చివరి 4 మీటర్లలో పలుగురాళ్లు దట్టంగా పరుచు, అడుగు శబ్దం మట్టి నుంచి రాళ్లకి మారనీ, గులకరాయి జారి నీళ్లలో పడ్డ చప్పుడు రానీ. చచ్చినోడికి తప్పు యాడ చేశాడో తెలియాల.

కాకిబంగారం
ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఊరుకోవాలో తేల్చే భాగాన్ని కొరివి కోడ్‌లో కలపొద్దు. 2014లో వచ్చిన ఏలియన్ ఐసొలేషన్ అనే వీడియో గేమ్‌లో ఇట్టాగే రెండు అంచెలు ఉంటాయి: ఆటగాడు ఎక్కడున్నాడో పై అంచెకి తెలుసు, కింద మృగానికి సూచన మాత్రమే అందుతుంది. అట్టాగే ఉద్రిక్తతకి ఒక అంకె పెట్టి, కొరివి కనపడుతున్నంత సేపూ పెంచి, 100 దాటితే రెండు నిమిషాలు ఆర్పెయ్యండి. ఖాళీ చీకటి లేకపోతే తర్వాతి వెలుగుకి విలువ ఉండదు.

ఇంకో మాట. ఆ ప్రాంతం ఆట కాబట్టి యానాదులు ఉంటారు. వాళ్లని మంత్రగాళ్లుగా చూపొద్దు. దారి, నీళ్లు, దుంపలు తెలిసిన మనుషులుగా చూపండి. మూడుసార్లు పిలిచే గొంతు వాళ్లదైతే ఇంకా బాగుంటుంది.

కలివిపొద
రేకులు కుదిరినయ్. ఒక తంటా మిగిలింది. మొబైల్ రెండరర్ (ఫోన్ల కోసం బొమ్మ గీసే భాగం)లో, దీపాలు ఎక్కువున్న గుడిసెల దగ్గర కొరివి వెలుగు నేల మీద పడటం లేదు. మంట కనపడుతుంది, దాని కింద నేల నల్లగా ఉండాది.

ఉలవపాడు తోట
నేలంతా ఒకే మెష్ (ఒకే 3డి ఆకారం)‌గా ఉంది కదా? మొబైల్ రెండరర్‌లో ఒక మెష్ మీద 8 ఆమ్ని లైట్లే పడతాయి, మిగిలినవి రాలిపోతాయి. నేలని 16 మీటర్ల ముక్కలుగా కొయ్యండి, గుడిసె దీపాల రేంజి 5 మీటర్లకి తగ్గించండి. వాల్యూమెట్రిక్ పొగమంచు (వెలుగు చారలు కనపడే మందపు మంచు) వాడాలనుకుంటే అది ఫార్వర్డ్ ప్లస్ అనే రెండరర్‌లోనే పనిచేస్తుంది, ఫోన్లకి మామూలు ఫాగ్‌తోనే సరిపెట్టుకోండి.