పల్లెటూరి ఐఎస్‌డీలో పిల్లల్ని చేర్చేముందు ఏమేం చూసుకోవాలి? (టెక్సస్)

ముంజికాయ (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మావారికి టెక్సస్‌లో ఓ చిన్న ఊరి ఆసుపత్రిలో జే-1 వేవర్ (జే-1 వీసా డాక్టర్లు స్వదేశం వెళ్లకుండా, డాక్టర్లు తక్కువున్న చోట పనిచేసే వీలు) ఉద్యోగం వచ్చింది. మూడేళ్లు అక్కడే ఉండాలి. బాబు 5వ తరగతికి, పాప 9కి వస్తారు. ఊళ్లో ఉన్నది ఒకే ఐఎస్‌డీ (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ప్రభుత్వ బడులు నడిపే సంస్థ), కేజీ నుంచి 12 దాకా కలిపి 290 మంది. రాష్ట్రం ఇచ్చే రేటింగ్ 2022లో బి, ఇప్పుడు సి. పైగా వారానికి నాలుగు రోజులే బడి. ఇప్పటిదాకా డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో చదివిన పిల్లలు. 40 మైళ్ల దూరంలో కాస్త పెద్ద ఐఎస్‌డీ ఉంది, రోజూ అక్కడికి తిప్పడం మేలంటారా? ఏం చూడాలి, ఎవర్ని అడగాలి?

చింతచిగురు:
ముందు ఆ బి, సి సంగతి చూద్దామండి. 2022 నాటి బి, ఇప్పటి సి ఒకే కొలబద్దతో ఇచ్చినవి కావు. 2023లో రాష్ట్ర విద్యాశాఖ (టీఈఏ) లెక్క మార్చింది. హైస్కూలు అయ్యాక పిల్లలు కాలేజీకో, ఉద్యోగానికో, సైన్యానికో సిద్ధంగా ఉన్నారా అని చూసే సీసీఎంఆర్‌లో 'ఏ' రావాలంటే అదివరకు 60 చాలేది, దాన్ని 88 చేశారు. కోర్టు కేసుల వల్ల 2023 రేటింగులు 2025 ఏప్రిల్‌లో గానీ బయటికి రాలేదు. 2024వీ 2025వీ ఒకేరోజు, 2025 ఆగస్టు 15న ఇచ్చారు. కాబట్టి 2023, 2024, 2025 మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడండి, 2022ను వదిలేయండి.

రేటింగ్‌లో మూడు భాగాలుంటాయి. పిల్లలు ఎంత సాధించారన్నది ఒకటి. నిరుటికంటే ఎంత ఎదిగారు, లేదా తమంత పేదరికం ఉన్న బడులతో పోలిస్తే ఎలా ఉన్నారన్నది రెండోది. వర్గాల మధ్య తేడాలు ఎంత తగ్గాయన్నది మూడోది. మొదటి రెండింట్లో ఏది మెరుగైతే దానికి 70 శాతం, మూడోదానికి 30 శాతం. హైస్కూలు సాధన లెక్కలో స్టార్ అనే రాష్ట్ర పరీక్షలు 40, సీసీఎంఆర్ 40, గ్రాడ్యుయేషన్ రేటు 20.

చిన్న బళ్లో అసలు చిక్కు శాతాలతోనే. మీ బాబు తరగతిలో 14 మంది ఉన్నారనుకోండి, ఒక్క పిల్లాడు లెక్కల పరీక్ష తప్పితే ఏడు శాతం పడిపోతుంది. ఇద్దరు బాగా చదివేవాళ్లు ఊరు వదిలితే ఆ ఏడు 'చదువు దిగజారింది' అంటారు. ప్రతి డిస్ట్రిక్టు మీదా టీఈఏ ఏటా ఇచ్చే టీఏపీఆర్ నివేదికలో పిల్లలు మరీ తక్కువున్న చోట అంకెకు బదులు గుర్తు పెట్టి దాచేస్తారు కూడా. అందుకే ఒకే తరగతిని ఏటేటా పోల్చకుండా ఒకే పిల్లల గుంపును వెంబడించండి: నిరుడు 4లో ఉన్నవాళ్లు ఈ ఏడు 5లో ఎలా ఉన్నారు, ఆపైన 6లో ఎలా ఉన్నారు.

అదే టీఏపీఆర్‌లో కిందికి వెళ్తే సిబ్బంది పేజీ ఉంటుంది. నన్నడిగితే మొదట చదవాల్సింది అదే. టీచర్లు ఏటా ఎంతమంది మానేస్తున్నారు, సగటు అనుభవం ఎంత, కొత్తగా చేరినవాళ్ల వాటా ఎంత, అన్నీ అక్కడే ఉంటాయి. 26 మంది టీచర్లున్న చోట ఆరుగురు మానేస్తే 23 శాతం. ఒక్క ఏడు అలా జరిగితే కంగారు లేదు. మూడేళ్లు వరసగా 25 దాటితే మాత్రం రేటింగ్ ఏదైనా ఆలోచించాల్సిందే.

ఎర్రమట్టి:
చింతచిగురు గారు చదువు లెక్క చెప్పారు, నేను పాలన, డబ్బు లెక్క చెబుతాను. మన ఊళ్లలో బడి మీద ఎంఈవో, ఆయన మీద డీఈవో ఉంటారు. ఇక్కడ ఆ వరస లేదు. ఐఎస్‌డీ దానికదే ఒక ప్రభుత్వం లాంటిది, పన్ను కూడా తనే వేస్తుంది. ఊరి మేయరుకీ కౌంటీకీ దాని మీద అజమాయిషీ లేదు. ఓటర్లు ఎన్నుకున్న ఏడుగురు ట్రస్టీలు జీతం లేకుండా బోర్డు నడుపుతారు. బోర్డు సూపరింటెండెంట్‌ను పెట్టుకుంటుంది, రోజువారీ పనంతా ఆయనదే.

290 మంది ఉన్నచోట ఒక్కో మనిషికి మూడేసి పనులుంటాయి. సూపరింటెండెంటే హైస్కూలు ప్రిన్సిపాల్ కావచ్చు. హిస్టరీ చెప్పేది కోచ్, పొద్దున బస్సు తోలేదీ ఆయనే. హాజరు లెక్కలు రాష్ట్రానికి పంపే పీమ్స్ క్లర్కు ముందుగదిలో ఫోన్ కూడా ఎత్తుతుంది. అందువల్ల ఒక్కరు మానేస్తే మూడు పనులు ఆగుతాయి. కొత్తగా వచ్చిన పీమ్స్ క్లర్కు పిల్లల కోడ్లు తప్పు వేస్తే నిధులూ పోతాయి, రేటింగూ మారుతుంది. చాలా చిన్న ఐఎస్‌డీలు పేరోల్ నుంచి టీచర్ల శిక్షణ దాకా తమ ప్రాంతపు సర్వీస్ సెంటర్ మీద ఆధారపడతాయి. రాష్ట్రంలో అలాంటివి 20 ఉన్నాయి.

డబ్బు దగ్గరికొస్తే, రాష్ట్రం లెక్కపెట్టేది చేరిన పిల్లల్ని కాదు, సగటున బడికొచ్చిన పిల్లల్ని. ఒక్కొక్కరికి మూల కేటాయింపు 2019 నుంచి 6,160 డాలర్లు, 2025లో దాన్ని 6,215 చేశారు. 1,600 మందికి లోపు హాజరున్న డిస్ట్రిక్టులకు దాని మీద అదనపు కేటాయింపు ఉంటుంది. అది లేకపోతే ఇలాంటి బడులు నిలవవు. మీ బడిలో హాజరు ఒక్క శాతం తగ్గితే దాదాపు ముగ్గురు పిల్లల సొమ్ము, అంటే మూల కేటాయింపులోనే 18 వేల డాలర్ల పైచిలుకు పోతుంది. పదిమంది పిల్లలు వెళ్లిపోతే 62 వేలు. ఆ పదిమందీ ఒకే తరగతి వాళ్లయితే ఏదో సర్దొచ్చు. తలో తరగతి నుంచి వెళ్తారు కాబట్టి సెక్షనూ తగ్గదు, టీచరూ తగ్గరు, ఖర్చు అలాగే ఉంటుంది. చిన్న డిస్ట్రిక్ట్ చితికిపోయేది ఇక్కడే.

ఒక మంచి మార్పు కూడా చెప్పాలి. 2025 నాటి హెచ్‌బీ 2 చట్టం ప్రకారం 5,000 మంది లోపు పిల్లలున్న డిస్ట్రిక్టుల్లో మూడు, నాలుగేళ్ల అనుభవమున్న టీచర్లకు 4,000, ఐదేళ్లు, ఆపైన ఉన్నవారికి 8,000 డాలర్లు పెరిగాయి. పెద్ద డిస్ట్రిక్టుల్లో ఇవి 2,500, 5,000. పట్నానికీ పల్లెకూ జీతాల్లో ఉన్న దూరం కొంత తగ్గింది.

మీరు చూడాల్సిన కాగితాలు మూడు. ఆడిట్ నివేదికలో ఫండ్ బ్యాలెన్స్, అంటే చేతిలో మిగులు, ఎన్ని నెలల ఖర్చుకు సరిపోతుందో చూడండి. ఫస్ట్ అనే ఆర్థిక రేటింగ్ చూడండి, దాని మీద ఏటా బహిరంగ విచారణ పెట్టాలి. ఏడాది బోర్డు మినిట్స్ చదివితే రాజీనామాలు, మరమ్మతులు, గొడవలు అన్నీ తెలుస్తాయి. సైట్‌లో లేకపోతే పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద ఒక ఈమెయిల్ రాయండి. ఇవ్వకూడదనుకుంటే వాళ్లు పది పనిదినాల్లోగా అటార్నీ జనరల్‌ను అడగాలి. ఐదేళ్లలో నలుగురు సూపరింటెండెంట్లు మారారంటే ఇంకేదీ చదవక్కర్లేదు.

ముంజికాయ:
చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. ఇంకో రెండు సందేహాలు. చేరిక ఫారంలో ఇంట్లో ఏ భాష అని అడుగుతున్నారు. తెలుగు అని రాస్తే ఇబ్బందా? బాబుకి మాట కాస్త తడబడుతుంది, స్పీచ్ థెరపీ అక్కడ దొరుకుతుందా?

పాలపిట్ట:
భాష ఫారం ఆషామాషీగా నింపకండి. ఇంట్లో ఎక్కువసేపు ఏ భాష మాట్లాడతారు, పిల్లవాడు ఎక్కువగా ఏది మాట్లాడతాడు అన్నవి అందులోని ప్రశ్నలు. ఇంగ్లీషు కానిది ఏది రాసినా భాషా పరీక్ష పెడతారు. నాలుగు వారాల్లో తేల్చాలి. పరీక్షలో తగ్గితే 'ఎమర్జెంట్ బైలింగ్వల్' అని గుర్తిస్తారు. మీరు ఈఎస్‌ఎల్ (ఇంగ్లీషు నేర్పే ప్రత్యేక తరగతులు) వద్దనవచ్చు, కానీ ఆ గుర్తు పోదు. బయటపడే అర్హత వచ్చేదాకా ఏటా టెల్పాస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాయాలి. పొరపాటున రాస్తే చేరిన రెండు వారాల్లోపు, అదీ పరీక్ష పెట్టకముందే దిద్దుకోవాలి. ఫ్రిస్కోలో ఇప్పటికే నింపారు కాబట్టి అసలు ఫారం అక్కడి ఫైల్లోనే ఉంటుంది. కొత్త ఫారం నింపించకుండా దాన్నే తెప్పించమనండి. నిజానికి ఇంగ్లీషే ఎక్కువ మాట్లాడే పిల్లవాడికి అభిమానం కొద్దీ 'తెలుగు' అని రాసి తర్వాత తల పట్టుకునేవాళ్లు మనలో చాలామంది. నిజంగా సాయం కావాల్సిన పిల్లలకైతే అది హక్కు, వదులుకోకండి.

స్పీచ్ విషయం. ఇంత చిన్న చోట సొంత థెరపిస్టు ఉండడం అరుదు. నాలుగైదు డిస్ట్రిక్టులు కలిసి కోఆప్ (ఉమ్మడి ఏర్పాటు) నడుపుతాయి. దాని థెరపిస్టు వారానికి ఒకటి రెండు రోజులు వస్తుంది, లేదా వీడియోలో చెబుతుంది. ఫ్రిస్కోలో ఐఈపీ (పిల్లవాడికి ఇవ్వాల్సిన ప్రత్యేక సేవల ప్రణాళిక) ఉంటే ఆ సేవలకు సమానమైనవి ఇక్కడ వెంటనే మొదలుపెట్టాలి. లేకపోతే పరీక్ష చేయమని తేదీ వేసి రాసివ్వండి. నోటిమాటగా అడిగింది గడువు లెక్కలోకి రాదు. రాసిచ్చాక 15 బడి రోజుల్లో జవాబివ్వాలి. పరీక్షకు ఒప్పుకుంటూ మీరు సంతకం పెట్టాక 45 బడి రోజుల్లో నివేదిక రావాలి. ఆపైన 30 రోజుల్లో ఏఆర్‌డీ సమావేశం, అంటే తల్లిదండ్రులు, బడివాళ్లు కూర్చుని ఏ సేవలివ్వాలో తేల్చేది. గమనించండి, 'బడి రోజులు' అంటే వారానికి నాలుగే. వేరేచోట తొమ్మిది వారాల్లో అయ్యే పని ఇక్కడ పదకొండు దాటుతుంది. అందుకే ఆగస్టులోనే ఇచ్చేయండి.

ఎర్రమట్టి:
నాలుగు రోజుల బడి గురించి ఒక మాట. చదువు తగ్గించారని భయపడకండి. 2015లో చట్టం 180 రోజులకు బదులు 75,600 నిమిషాలని మార్చింది. 150 రోజులే నడిపితే రోజుకు 504 నిమిషాలు, అంటే ఎనిమిది గంటల 24 నిమిషాలు. ఇది డబ్బు మిగుల్తుందని పెట్టింది కాదు, జీతంలో పట్నంతో పోటీ పడలేక టీచర్లకు శుక్రవారం సెలవు ఎర వేస్తున్నారు. శుక్రవారం చిన్నపిల్లల్ని ఎవరు చూస్తారన్నది మీ ఇంటి సమస్య. ట్యూటరింగ్ పెడుతున్నారేమో అడగండి.

చింతచిగురు:
పాప 9వ తరగతి కదా, నాకైతే బాబుకంటే ఆమె విషయమే ముఖ్యం. కౌన్సెలర్‌ను మాస్టర్ షెడ్యూల్ అడగండి. చిన్న హైస్కూల్లో ఒక్కో కోర్సు రోజుకు ఒక్కసారే ఉంటుంది. ఆల్జీబ్రా 2, బ్యాండ్ ఒకే పీరియడ్‌లో పడితే రెండింట్లో ఒకటి వదులుకోవాలి. ఫ్రిస్కోలో 8లోనే ఆల్జీబ్రా 1 అయిపోయి ఉంటే 12వ తరగతికి కాల్క్యులస్ ఎవరు చెబుతారో ఇప్పుడే తేల్చుకోండి. ఏపీ (కాలేజీ స్థాయి) కోర్సులు ఉండకపోవచ్చు. వాటి చోట కమ్యూనిటీ కాలేజీతో డ్యూయల్ క్రెడిట్ (ఒకే కోర్సుకు హైస్కూలు, కాలేజీ రెండు క్రెడిట్లూ) నడుస్తుంది. దానికి ఏ కాలేజీతో ఒప్పందం ఉంది, సైన్సు ల్యాబ్ ఎక్కడ, రుసుము ఎవరు కడతారు అని అడగండి.

సీసీఎంఆర్ 90 ఉందని మురిసిపోవడం కూడా తొందరే. అది కాలేజీ స్థాయి మార్కుల వల్ల రావచ్చు, వృత్తి సర్టిఫికెట్ల వల్లా రావచ్చు. టీఏపీఆర్‌లో విడివిడిగా ఉంటుంది.

ర్యాంకు సంగతి ఇంకా జాగ్రత్త. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆటోమేటిక్ ప్రవేశం తరగతిలో మొదటి పది శాతానికి, 20 మంది ఉంటే ఇద్దరికి. యూటీ ఆస్టిన్ ఆటోమేటిక్ ప్రవేశం 2026 ఫాల్ నుంచి ఐదు శాతానికే, అంటే ఒక్కరు. ఫ్రిస్కోలో అదే పాపకు ఎంతమందితో పోటీయో మీకు తెలుసు, ఇక్కడ ఆ ఒక్కరు తనే కావచ్చు. కానీ బదిలీ అయిన గ్రేడ్లకు అదనపు పాయింట్లు ఎలా వేస్తారు, వెలెడిక్టోరియన్ (తరగతిలో మొదటి ర్యాంకు) కావాలంటే ఎన్నేళ్లు అక్కడ చదివుండాలి అన్నవి ప్రతి డిస్ట్రిక్టూ సొంతంగా రాసుకుంటుంది. బోర్డు పాలసీల్లో ఈఐసీ (లోకల్) చదవండి.

పాలపిట్ట:
ఏదైనా తేడా వస్తే టీచరు, ప్రిన్సిపాల్, సూపరింటెండెంట్, చివరికి బోర్డు, ఈ వరసలోనే వెళ్లాలి. చిన్న ఊరు కదా, కిరాణా కొట్లో ట్రస్టీ కనబడితే చెప్పేయాలనిపిస్తుంది. వద్దు. ఒక్క ట్రస్టీకి విడిగా ఏ అధికారమూ ఉండదు. రేపు మీ ఫిర్యాదు బోర్డు దాకా వస్తే విని తేల్చేవాళ్లలో ఆయనా ఒకరు. ఫిర్యాదు పద్ధతి, గడువులు ఎఫ్‌ఎన్‌జీ (లోకల్) అనే బోర్డు పాలసీలో ఉంటాయి.

ఎర్రమట్టి:
40 మైళ్ల బడి గురించి ఎవరూ చెప్పలేదు. పొద్దున దింపి రావడం, సాయంత్రం తేవడం కలిపి రోజుకు 160 మైళ్లు. బయటి డిస్ట్రిక్ట్ పిల్లల్ని తీసుకోవాలో వద్దో వాళ్ల ఇష్టం. సాధారణంగా ఏడాదికోసారి దరఖాస్తు పెట్టాలి, హాజరు తగ్గితే మరుసటి ఏడు వద్దనవచ్చు. వాళ్ల బోర్డు పాలసీ ఎఫ్‌డీఏ (లోకల్) చూడండి. బస్సు రాదు. ఇల్లు ఒకచోట, బడి ఇంకోచోట అయితే రాష్ట్రంలో బడి పోటీలు నడిపే యూఐఎల్ నియమాల వల్ల పాప ఒక ఏడాది వర్సిటీ (బడి ప్రధాన జట్టు) ఆటలకు దూరం కావచ్చు. ముందు ఊళ్లోనే చేర్చి డిసెంబరు దాకా చూడమనే నేనంటాను.

ముంజికాయ:
అలాగేనండి. చేరేటప్పుడు ఏమేం పట్టుకెళ్లాలి?

పాలపిట్ట:
టీకాల కార్డు, జనన ధ్రువపత్రాలు, ఇంటి అద్దె ఒప్పందం లేదా కరెంటు బిల్లు, మీ ఫొటో ఐడీ. పాత బడి నుంచి రికార్డులు ట్రెక్స్ (బడుల మధ్య రికార్డులు పంపుకునే రాష్ట్ర ఆన్‌లైన్ వ్యవస్థ)లో రావడానికి పది పనిదినాలు పట్టవచ్చు. ఆలోగా కౌన్సెలర్ తరగతులు వేసేస్తారు, ఒక్కో సెక్షనే కాబట్టి తర్వాత మార్చడం కష్టం. అందుకే పాప ట్రాన్‌స్క్రిప్ట్ నకలు, స్టార్ మార్కులు, 8వ తరగతిలో హైస్కూలు క్రెడిట్ వచ్చిన కోర్సుల జాబితా మీ చేత్తో తీసుకెళ్లండి. జులైలో ఆఫీసు చాలా రోజులు మూసి ఉంటుంది, ఫోన్ చేసి వెళ్లండి.